చిల్లు పడిన చీటీ

పొద్దున్న ఏడింటికే ఇంట్లో ఎవరికీ కాలు నిలవడం లేదు. పాలు పొంగి పొయ్యి మీద మాడుతున్నాయి. థర్మామీటర్ ఎక్కడ పెట్టారో ఎవరికీ గుర్తులేదు. నాలుగేళ్ల గువ్వ మూడో రోజూ జ్వరంతో సోఫాలో మూలుగుతోంది. ఫ్లూ అని నిన్ననే తేల్చారు. కోడలు చంటిదాన్ని చంకనేసుకుని గువ్వ నుదుటి మీద తడిగుడ్డ మార్చి, ఆ చేత్తోనే ఫోన్ అందుకుంది.

అత్తగారు ముప్పై ఏళ్లు బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. టికెట్లకు చిల్లు పొడిచే పంచ్‌ని ఇంకా వదల్లేదు. ఇంట్లో ప్రతి పనికీ ఒక చీటీ, పనైతే దానికో చిల్లు, ఆ పైన గోడమేకుకి గుచ్చడం. ఆ చిల్లు చూస్తే ఇంట్లో ఇంకెవరూ మారు ప్రశ్న వేయరు.

"ఎవరికమ్మా ఫోను?"

"క్లినిక్‌కి. ఇవాళ చంటిదానికి ఫ్లూ టీకా కదా, వద్దని చెప్పేస్తా. గువ్వకి రెండు డోసులూ వేయించాం. ఏం ఒరిగింది అత్తయ్యా? పక్కింటావిడకీ చెప్పేశా, అంతా దండగని."

"కాస్త ఆగవే."

"ఎందుకాగాలి? ఎనిమిది నెలల పసిగుడ్డుని ఊరికే పొడిపించనా?"

అత్తగారు మేకు దగ్గరికి వెళ్లి, ఒక చీటీ లాగింది. గువ్వ, ఫ్లూ టీకా, రెండో డోసు. మూలన నున్నటి చిల్లు.

"టీకాని ఏమీ అనకు. రెండో డోసు అసలు పడలేదు."

కోడలు ఫోన్ దించేసింది.

"మొదటి సూదికి చెయ్యి వాచి, ఒక రోజంతా ఏడిచింది చూడు. రెండోసారి క్లినిక్ మెట్ల మీదే నా మెడ పట్టుకు వేలాడింది, వద్దు బామ్మా అని. ఒకటి పడింది చాల్లే అనుకుని పార్కుకి తీసుకుపోయా. ఇంటికొచ్చి చిల్లు కొట్టేశా. ఆ తర్వాత చెప్పడానికి నోరు రాలేదు."

"నేను పని మానేసి తీసుకెళ్లేదాన్ని కదా! మిమ్మల్ని నమ్మి పంపాను!"

"తిట్టు, పడతాను. మనిషి ఎక్కకుండా ఏ రోజూ టికెట్ కొట్టని దాన్ని. నా మనవరాలికే కొట్టాను," అంటూ ఆవిడ వెక్కివెక్కి ఏడ్చింది.

కోడలు ఓదార్చలేదు. ఫోన్ కలిపి, ఒక్క డోసు సరిపోదా అని నర్సుని అడిగింది.

"మొదటిసారి వేయించుకునే చిన్నపిల్లలకి ఒక్క డోసు చాలదండీ. నాలుగు వారాలకి రెండోది పడాలి. పడ్డా అసలు ఫ్లూ రాదనలేం, కానీ జబ్బు ముదిరి ఆసుపత్రిలో పడే భయం బాగా తగ్గుతుంది. ఇవాళ చంటిపాపని తెస్తున్నారా మరి?"

కోడలు కాసేపు చంటిదాని మొహంలోకి చూసింది.

"తెస్తున్నారు. మా అత్తయ్య."

అత్తగారు తలెత్తి చూసింది. పంచ్‌ని కోడలి ముందు పెట్టి, పాపని ఎత్తుకుని బయల్దేరింది.

పది దాటాక తిరిగొచ్చింది. "పక్కింటి గుమ్మం ఎక్కి, తప్పు టీకాది కాదు, నాదని చెప్పొచ్చా," అంది చెప్పులు విప్పుతూ.

పాప తొడ మీద చిన్న దూది అతుక్కుని ఉంది. దాన్ని చూడగానే కోడలికి కళ్లు నిండిపోయాయి. కొత్త చీటీ మీద 'చంటిది, మొదటి డోసు' అని రాసి, పంచ్‌ని ఆవిడ చేతిలో పెట్టింది.

"ఇప్పుడు కొట్టండి అత్తయ్యా."