పదహారు పేజీల తేనెటీగలు

నాకు అన్నిటికంటే పెద్ద భయం, "ఎంతవరకు చదువుకున్నావమ్మా?" అని ఎవరైనా అడగడం. పాపకు జ్వరం రావడం రెండో భయం. పాప తుమ్మితే చాలు థర్మామీటరు తీస్తానని మా ఆయన వెక్కిరిస్తాడు. థర్మామీటరు నయం, అది నన్ను తిరిగి ఏమీ అడగదు.

ఈ వారం లైబ్రరీ గోడపత్రికకు "మీకు బాగా నచ్చిన పుస్తకం గురించి రాయండి, చూసినవాళ్లకు చదవాలనిపించాలి" అన్నారు. నాకు నచ్చింది ఒక పాత ప్రేమ నవల. నూట తొంభై రెండు పేజీలు. అది ఎందుకు నచ్చిందో చెప్పాలంటే ముందు దాన్ని నేనెలా పాడుచేశానో చెప్పాలి.

ఆరేళ్ల కిందట నేను ఈ లైబ్రరీ వెనక గదిలో పుస్తకాలు బైండింగ్ చేసేదాన్ని. అమ్మ మంచం పట్టిన ఏడాది, ఎనిమిదో తరగతితో నా బడి ఆగిపోయింది. బడి ఆగింది గానీ చదవడం ఆగలేదు. బైండింగ్ పనిలో ఉన్న సుఖమే అది. ఊడిపోయిన పుస్తకం ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

ఇక్కడి పద్ధతి మీకు తెలుసు. పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు పసుపు చీటీ మీద నాలుగు మాటలు రాసి బోర్డుకు గుచ్చాలి, తర్వాతివాళ్లకు సిఫార్సుగా. పేరు రాయక్కర్లేదు. కానీ బైండరుకు అబద్ధం చెప్పడం కష్టం. పుస్తకం వెన్ను చూస్తే ఎంతవరకు తెరిచారో తెలిసిపోతుంది. ముప్పయ్యో పేజీ దాకా మెత్తబడి, అక్కడి నుంచి అలిగిన అత్తగారిలా బిగుసుకుపోయిన పుస్తకం మీద కూడా "ఆద్యంతం ఉత్కంఠభరితం" అని చీటీ ఉండేది.

ఒళ్లు మండి నేనూ రాయడం మొదలుపెట్టాను. కింద "అట్ట" అని సంతకం.

"మొదటి నలభై పేజీలు ఓర్చుకోండి. రచయిత గొంతు సవరించుకుంటున్నాడు."

"ఇందులో హీరో అందగాడని ఆరుసార్లు చెప్పారు. తెలివైనవాడని ఒక్కసారి కూడా చెప్పలేదు. నిజాయితీ గల పుస్తకం."

చీటీలకు పేరొచ్చింది. అట్ట అంటే రిటైరైన లెక్చరర్‌గారేనని అందరూ అనుకున్నారు. "మీరేనా సార్?" అని అడిగితే ఆయన చిన్నగా నవ్వేవారు. అవుననేవారు కాదు. కాదనేవారు అంతకన్నా కాదు.

ఆ ఏడాది వానలకు కప్పు కారి రెండు పుస్తకాలు కుట్లు ఊడిపోయాయి. ఒకటి నా ప్రేమ నవల. రెండోది తేనెటీగల పెంపకం. రెండూ ఒకే ప్రెస్సువి, ఒకే సైజు, ఒకే రంగు కాగితం. పేజీ పైన పుస్తకం పేరు వేసే అలవాటు ఆ ప్రెస్సుకు లేదు. రెండింట్లోనూ చివరి ఫారం, అంటే చివరి పదహారు పేజీల కట్ట, నూట డెబ్భై ఏడుతో మొదలై నూట తొంభై రెండుతో ముగుస్తుంది. నేను అంకెలు చూసి కుట్టేశాను. అక్షరాలు చూడలేదు.

తర్వాత ఆ నవల ఏడుగురి చేతులు మారింది. ఏడు పసుపు చీటీలు వచ్చాయి. "ముగింపు అద్భుతం." "చివరి పెళ్లి ఘట్టంలో కన్నీళ్లు ఆగలేదు." నేను మురిసిపోయాను. "చివరి అధ్యాయం కోసమైనా చదవండి" అని మొదట రాసింది నేనే మరి.

ఎనిమిదో పాఠకుడు కుండపోత వానలో వచ్చాడు. మనిషిని పిండితే బకెట్ నిండేలా ఉన్నాడు. చొక్కా లోపలి నుంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి పుస్తకం తీశాడు. అది పొడిగా ఉంది. వీధి చివర కళ్లజోళ్ల షాపాయన.

"ఏవండీ, అట్టగారు ఎక్కడుంటారు?"

"ఏం పని?"

"ఆయన మాట నమ్మి ఇది చదివాను. చివరి అధ్యాయం నాకు అర్థం కాలేదు."

"ఆయన" అన్నందుకు నాకు నవ్వొచ్చింది. పైకి మాత్రం జిగురు కలుపుతూనే అన్నాను. "అర్థం కాకపోవడానికేముంది? ఆ అమ్మాయి అతన్నే పెళ్లి చేసుకుంటుంది. నిజంగా చదివారా, లేక అందరిలాగే వాసన చూశారా?"

"రెండుసార్లు చదివానండీ. పెళ్లి ఏ పేజీలో ఉంది?"

"చివర్లో."

"నాకు చివర్లో పొగ పెట్టమన్నారే."

అతను పుస్తకం తెరిచి చూపించాడు. నూట డెబ్భై ఆరో పేజీ అడుగున "ఆమె వణికే చేత్తో తలుపు తెరిచింది. ఎదురుగా" అని ఉంది. పక్క పేజీ పైన "ఈగలు గుంపుగా మూగి ఉంటే ముందు కొద్దిగా పొగ పెట్టి, అవి శాంతించాక దగ్గరికి వెళ్లాలి" అని ఉంది.

నా చేతిలో బ్రష్షు ఆగిపోయింది. అంతకు నెల ముందే ఒక నిఘంటువుకు అట్ట తలకిందులుగా అంటించాను. "ఇంకొక్క పుస్తకం పాడైతే వేరే మనిషిని చూసుకుంటాను" అని లైబ్రేరియన్ మేడమ్ అప్పుడే చెప్పారు.

"అతను తలుపు దగ్గరికి వచ్చాడు, ఆమెకు కోపంగా ఉంది, అందుకని పొగేమో అనుకున్నాను" అన్నాడతను ఎంతో బుద్ధిగా. "తర్వాత తేనెపట్టు తీయడం, వడకట్టడం అంతా ఉంది. నాకే అంత లోతు లేదేమో."

ఇక్కడే నేను చెయ్యకూడని పని చేశాను. "లోతైన విషయమే. ఆదివారం పాఠకుల సమావేశంలో అడగండి, పెద్దవాళ్లు చెప్తారు" అన్నాను.

పాపం, థాంక్స్ చెప్పి మళ్లీ వానలోకి వెళ్లాడు.

ఆదివారం మధ్యాహ్నం అతను నిజంగానే లేచి అడిగాడు. నేను వెనక వరసలో, కుర్చీ అంచు మీద.

"తేనెటీగలా?" అంది బ్యాంకు మేడమ్. "ఈ కాపీయే నేనూ చదివాను. పెళ్లి ఘట్టంలో రెండు కర్చీఫులు తడిశాయి. మీరు ఏం చదివారో."

అందరూ నవ్వారు. లెక్చరర్‌గారు చెయ్యి ఎత్తి నవ్వు ఆపారు.

"తేనెటీగ ప్రతీక బాబూ. కుటుంబానికి."

"మరి పొగ, సార్?"

"సమాజం."

"రాణి ఈగను చిన్న పెట్టెలో పెట్టి, గాలికి చిల్లులు పొడిచి, పోస్టులో పంపొచ్చని ఉంది సార్. అది దేనికి?"

లెక్చరర్‌గారు ఒక్క క్షణం ఆలోచించారు. "స్త్రీ స్వేచ్ఛ" అన్నారు. తర్వాత కళ్లజోడు పైనుంచి చూసి, "ఇంతకీ నువ్వు ఎంతవరకు చదువుకున్నావు?"

"కళ్ల పరీక్షలకు డిప్లొమా సార్."

"అదీ సంగతి."

హాలంతా మళ్లీ నవ్వు. అతనూ నవ్వబోయాడు గానీ రాలేదు. ఆ ప్రశ్న నా కోసం పుట్టిందని ఇన్నాళ్లూ భయపడ్డాను. అది ఇంకొకరి మీద పడితే చూడటం అంతకంటే కష్టంగా ఉంటుందని నాకు తెలియదు.

లేచాను.

"ఆ తేనెటీగలు నావండీ. వేరే పుస్తకం పేజీలు. బైండింగ్‌లో నేనే మార్చి కుట్టాను. ఆ కాపీలో పెళ్లి లేదు. మూడు నెలలుగా లేదు."

బ్యాంకు మేడమ్ హ్యాండ్‌బ్యాగులో ఏదో వెతుక్కోవడం మొదలుపెట్టింది. ఇంకా దొరికినట్టు లేదు.

లెక్చరర్‌గారి మొహం కందగడ్డలా అయింది. "అసలు నువ్వెంతవరకు చదువుకున్నావమ్మాయ్?"

వచ్చేసింది. ఏళ్ల తరబడి దేన్నుంచి తప్పించుకు తిరిగానో అది ఎదురుగా వచ్చి నిలబడింది.

"నేను ఎనిమిది దాకా చదివాను సార్. మీరు నూట డెబ్భై ఏడో పేజీ దాకా చదవలేదు."

ఈసారి నవ్విన నవ్వుకు కప్పు మళ్లీ కారుతుందేమో అనిపించింది. కళ్లజోళ్లాయన మాత్రం నవ్వలేదు. నావైపే చూస్తున్నాడు, కళ్ల పరీక్ష బోర్డు మీద అన్నిటికంటే చిన్న వరస చదవగలిగినవాడిలా. తర్వాత నెమ్మదిగా అన్నాడు.

"ఆ చివరి పదహారు పేజీలు ఎప్పుడిస్తారండీ? ఆమె తలుపు తెరిచి వారమైంది. ఎదురుగా ఎవరున్నారో తెలియక చస్తున్నాను."

లైబ్రేరియన్ మేడమ్ నన్ను తీసెయ్యలేదు. "రెండు పుస్తకాలూ విప్పి కుట్టు. ఈసారి చదివి కుట్టు" అన్నారంతే. తేనెటీగల పుస్తకం తీసుకెళ్లిన రైతు దాన్ని తెచ్చి ఇస్తూ చీటీ రాశాడు: "పనికొచ్చే పుస్తకం. చివర్లో పెళ్లి కూడా బాగా చేశారు." ఇంత పెద్ద లైబ్రరీకి నిజంగా చదివేవాళ్లు ఇద్దరని అలా తేలింది.

కుట్టు విప్పే మూడు రోజులూ అతను షాపు మూయగానే వెనక గదికి వచ్చి కూర్చున్నాడు.

"అట్ట మీరేనని ఆరోజే తెలిసింది" అన్నాడు.

"ఎలా?"

"ఇంకెవరూ అంత పొదుపుగా తిట్టలేరు."

"కోపం లేదా? లోతైన విషయమని చెప్పి పంపింది నేనేగా."

"ఉంది. అందుకే రోజూ వస్తున్నాను. ఎంత ఉందో ఇంకా చూసుకోలేదు."

"చూసుకుని ఏం చేస్తారు?"

"పొగ పెట్టి, శాంతించాక దగ్గరికి వెళ్లాలట. చదివాను."

నేను తల వంచుకుని సూదిలో దారం ఎక్కించాను. నాలుగుసార్లు తప్పింది. "చూపు పరీక్ష చేయించుకోండి" అన్నాడు. చూపుతో వచ్చిన చిక్కు కాదని ఇద్దరికీ తెలుసు.

నవల పూర్తిగా చదివి తిరిగి ఇచ్చిన రోజు అతను గుచ్చిన పసుపు చీటీ నా దగ్గర ఇప్పటికీ ఉంది.

"అట్ట గురించి: చదివింది కొంచెం. అర్థమైంది ఇంకా తక్కువ. చివరి పేజీ దాకా చదవాలని ఉంది. గడువు పెంచుతారా?"

పక్కనే నా జవాబు గుచ్చాను. "మొదటి నలభై పేజీలు ఓర్చుకోండి."

పెళ్లి మాట చెప్పగానే వాళ్లమ్మగారు కూడా అడిగారు, అమ్మాయి ఏం చదివిందని. "మనింట్లో అందరికంటే ఎక్కువ" అన్నాడట ఈయన. "అయితే కరెంటు ఆఫీసుకు ఉత్తరం రాయడం రేపటి నుంచి తన పనే" అన్నారావిడ. ఆశీర్వాదం అంటే ఆవిడ లెక్కలో అదే.

లెక్చరర్‌గారు ఆ సమావేశం తర్వాత రెండు నెలలు కనపడలేదు. నేను అన్న మాట నిజమే గానీ, ఒంటరిగా ఉండే పెద్దమనిషిని నలుగురిలో అనాల్సిన మాట కాదు. ఆ సంగతి పెళ్లి పిలుపుకు వెళ్లి చెప్పాను. "నీ చీటీలు నావని అనుకోనిచ్చాను కదమ్మా, చెల్లుకు చెల్లు" అన్నారు. ఆ తర్వాత ఆయన చీటీలు మారాయి. "సగం చదివాను. మిగతా సగం దేవుడెరుగు." "ఇది నాకు అర్థం కాలేదు." ఇప్పుడు బోర్డు మీద నేను నమ్మే చేతిరాత అదొక్కటే.

మొన్న పాప స్కూలు ఫారంలో "తల్లి చదువు" అన్న గడి దగ్గర నేను ఆగిపోతే మా ఆయనే అన్నాడు. "ఎనిమిది అని రాసి, పక్కన కొంచెం చోటు వదిలెయ్." అలాగే వదిలాను. రాత్రిబడి పుస్తకాలు కూడా తెచ్చుకున్నాను. భయం పోయిందని కాదు. భయంతోనే రాస్తున్నాను.

చెప్పాల్సింది అయిపోయింది. ఆ నవల తిరిగి రాగానే మూడో వరసలో, కింది అరలో ఉంటుంది. చదవండి. కుట్టు నాదే, ఈసారి పెళ్లి ఉంది.

ఒక్క పని చేసిపెట్టండి. లెక్చరర్‌గారు మూడు శనివారాలుగా లైబ్రరీకి రాలేదు. చివరిసారి ఆయన తీసుకెళ్లింది ఆ నవలే. ఈసారి ఆఖరి పేజీ దాకా చదువుతానని పాప తల మీద చెయ్యి పెట్టి మరీ చెప్పారు. పాపకు చికెన్‌పాక్స్. ఈ ఇంటి గాలి ఆయనకు తగలకూడదని మేమిద్దరం ఆ గుమ్మం తొక్కడం లేదు. ఆయన ఫోనుకు పలకడం లేదు. పోస్టాఫీసు వెనక సందులో, నీలం తలుపు ఇల్లు. అటు వెళ్లేవాళ్లు ఇవాళే ఒకసారి తలుపు తట్టండి. నవల్లో ఆ అమ్మాయి తలుపు తెరిస్తే ఎదురుగా ఎవరున్నారని అడగండి. సరిగ్గా చెప్తే బాగున్నట్టే. "నాకు అర్థం కాలేదమ్మా" అంటే ఇంకా బాగున్నట్టు.

ప్రతీక అన్నారంటే మాత్రం ఒంట్లో బాగాలేనట్టే. డాక్టరును పిలిచి, నాకు కబురు చెయ్యండి.