పత్తిలో బోల్టు

"మల్లీ, ఆ పళ్ళెం ఇటు జరుపు," అన్నాడు నాన్న.

మల్లేశ్వరి సత్తు పళ్ళెం జరిపింది. నాన్న మోటారు సైకిలు ముందున్న రేకు తొడుగుకి ఒక్కొక్క బోల్టే విప్పి ఆ పళ్ళెంలో వేస్తున్నాడు.

నాన్న పేరు చలమయ్య. గుంటూరులో పత్తి మిల్లులో పని. పత్తి రోజులొస్తే పడక కూడా మిల్లులోనే. ఆదివారం పొద్దున వస్తాడు, సాయంత్రానికి వెళ్ళిపోతాడు. ఆ కాస్త సమయంలోనూ సగం ఈ మోటారు సైకిలుకే పోతుంది. అందుకే మల్లికి ఆ బండంటే ఎంత ఇష్టమో అంత ఒళ్ళుమంట.

తొడుగు ఊడి వచ్చింది. వెనక ఇంజను నిండా దుమ్ము, పత్తి నూగు. అది తియ్యకపోతే ఇంజను కాగిపోతుంది. నాన్న పాత బ్రష్షుతో దులపసాగాడు.

"నాన్నా, రేపు వెళ్ళకూడదూ? పొద్దున నన్ను బండి మీద బడి దగ్గర దించి వెళ్ళు."

"కుదరదమ్మా. మిల్లు తాళం నేనే తియ్యాలి. తెల్లారేసరికి నేను లేకపోతే కూలికొచ్చినవాళ్ళంతా గేటు ముందు పడిగాపులు పడాలి."

"పోయిన వారమూ ఇదే చెప్పావు."

"వచ్చే వారమూ ఇదే చెబుతాను," అని నవ్వాడు నాన్న.

మల్లికి నవ్వు రాలేదు. బండి వెనక కూర్చుని, నాన్న నడుం గట్టిగా పట్టుకుని, ఒక్కసారంటే ఒక్కసారి బడికి వెళ్ళాలి. ఎన్నాళ్ళ కోరికో అది. కానీ ప్రతి సోమవారం నిద్ర లేచేసరికి వసారా ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీ వసారాని చూస్తే మల్లికి అన్నం కూడా సయించదు.

నాన్న చేతులు కడుక్కోవడానికి దొడ్లోకి వెళ్ళాడు. మల్లి పళ్ళెంలోంచి ఒక బోల్టు తీసింది. ముందు గదిలో అమ్మ వారమంతా ఏరి తెచ్చిన పత్తి కిటికీ ఎత్తున పోసి ఉంది. మోచేయి దాకా చెయ్యి దూర్చి, బోల్టు లోపల వదిలేసింది. బోల్టు లేకపోతే తొడుగు లేదు, తొడుగు లేకపోతే ప్రయాణం లేదు. తన తెలివికి తనే మురిసిపోయింది.

అన్నాలయ్యాక నాన్న తొడుగు ఎత్తి పెట్టాడు. "చూడు మల్లీ, ముందు అన్నీ వేళ్ళతో పట్టించాలి. ఆ తర్వాతే పానాతో బిగించాలి. మొదటిదే బిగించేస్తే మిగతా కన్నాలు కలవవు."

చివరి కన్నానికి బోల్టు లేదు. పళ్ళెం కింద చూశాడు, వసారా అంతా వెతికాడు.

"పోనీలే, తీగతో కట్టుకుని పోతాను," అన్నాడు.

మల్లి మొహం వాడిపోయింది.

నాన్న లోపలున్న అమ్మని కేకేశాడు. "పున్నమ్మా, రేపు మిల్లుకి తోలే ముందు పత్తి ఓసారి కలబెట్టి చూడు. బోల్టు అందులోకి దొర్లిందేమో."

"పత్తిలో పడితే ఏమవుద్ది నాన్నా?" అంది మల్లి.

"గింజ తీసే మిషన్లో ఇనుము పడితే నిప్పురవ్వ లేస్తుంది. పత్తికి ఒక్క రవ్వ చాలు. పోయినేడు ఇంకో మిల్లులో ఇట్టాగే అంటుకుని ఇద్దరు ఆడాళ్ళకి చేతులు కాలాయి."

మల్లి పత్తి కుప్ప వైపు చూసింది.

"నాన్నా, అది దొర్లలేదు. నేనే పత్తిలో దాచా."

"ఎందుకమ్మా?"

"అది లేకపోతే నువ్వు వెళ్ళవని."

అమ్మ తిట్టబోయింది. నాన్న వద్దన్నట్టు చెయ్యి ఎత్తాడు.

"నాకు మాత్రం వెళ్ళబుద్ధవుతుందా?" అన్నాడు. "పదండి, వెతుకుదాం. అది దొరికిందాకా నేను కదలను. ఈ బండి లైటుతో రాత్రిపూట పోలేను, చీకటి పడితే పొద్దున్నే పోతాను."

ముగ్గురూ పత్తిలోకి దిగారు. పిడికెడు పిడికెడు విప్పి చూసి గంపల్లో వేస్తున్నారు. బరువుకి బోల్టు ఎక్కడికి దిగిపోయిందో. ఎండ కిటికీ దాటి గోడ మీదికి పాకింది.

ఇంతలో మల్లి పాదం కింద గట్టిగా ఏదో తగిలింది. బోల్టే.

అమ్మ, నాన్న అటు తిరిగి ఉన్నారు. ఇంకాసేపు కాలు తియ్యకుండా ఉంటే చాలు, చీకటి పడిపోతుంది. రాత్రికి నాన్న ఇంట్లోనే ఉంటాడు. పొద్దున బండి మీద బడి. మల్లి అలాగే నిలబడిపోయింది.

తెల్లారేసరికి గేటు ముందు చలిలో నిలబడేవాళ్ళు గుర్తొచ్చారు. వాళ్ళకీ ఇంటి దగ్గర పిల్లలు ఉంటారు కదా అనుకుంది. వంగి బోల్టు తీసింది.

"దొరికింది నాన్నా."

నాన్న బోల్టు తీసుకోలేదు. పానా తెచ్చి మల్లి చేతికిచ్చాడు.

మల్లి ముందు వేళ్ళతో పట్టించింది. తర్వాత రెండు చేతులా పానా పట్టుకుని, ఇక తిరగనంతగా బిగించింది. తొడుగు పట్టుకుని ఊపి చూసింది. మిగతా బోల్టులు కూడా ఒక్కొక్కటే సరిచూసింది.

"అన్నీ గట్టిగానే ఉన్నాయి. చీకటి పడకముందే బయల్దేరు నాన్నా," అంది, ఏడుపు ఆపుకుంటూ.