చప్పట్లు తప్పిన బతుకమ్మ పాట

నా రాతలో తప్పులుంటే సర్దుకొని చదవండి. అరవై దగ్గర పడ్డాక పలక పట్టినదాన్ని, ఒక్కో మాట కూడబలుక్కొని రాస్తాను. కథ మాత్రం నా చేతిలా నిదానం కాదు.

ఏజెంట్ దీపికకు కుదురుగా కూర్చోవడం చేతకాదు. కరీంనగర్‌లోని సీక్రెట్ ఆఫీసులో చీఫ్ విద్యాసాగర్‌రావు బ్రీఫింగ్ ఇస్తున్నంతసేపూ కిటికీకీ తలుపుకూ మధ్య తిరుగుతూనే ఉంది.

“బ్యారేజీ గేట్లు నడిపే కంప్యూటర్ పాస్‌వర్డ్‌ను ఒక విదేశీ ముఠా కోసం ఎవలో చోరీ చేసిండ్రు. ఫోన్ల మీద మన నిఘా ఉన్నదని ఆ విదేశీ ముఠా కొత్త తొవ్వ పట్టింది. ఇయ్యాల ఈడి మ్యూజియంల పాత పాటల రికార్డింగులు జనానికి వినిపిస్తరు. అండ్ల ఒక పాట నడుమ ఆ పాస్‌వర్డ్‌ను కోడ్‌గ దాచిండ్రు. వాళ్ల మనిషి వచ్చి ఎత్తుకపోతడు.”

“పాస్‌వర్డ్ మార్చుండ్రి సర్.”

“మార్చేవరకు పొద్దుగూకుతది. అంతల్నే వాళ్ల చేతిల పడితే గేట్లన్ని ఒక్కసారే లేపుతరు. కింద మంచిర్యాల ఉన్నది.”

దీపిక ఆగిపోయింది. “మంచిర్యాలల మా అవ్వ ఉన్నది సర్.”

“అందుకే చెప్తున్న. ఆడ జర నిమ్మళంగ కూసో.”

చొప్పదండి నుంచి బస్సులో వచ్చిన మహిళా సంఘం ఆడవాళ్లలో కలిసిపోయి, నేత చీరలో దీపిక మ్యూజియం చేరింది. ముక్కుపుల్లలో పాటలు రికార్డు చేసే మైక్రోఫోన్. గాజులో, నొక్కితే బయటి పోలీసులకు వినిపించే అలారం. గుమ్మంలో పట్టుచీరతో మెరిసిపోతూ మధులిక ఎదురైంది. లోకానికి మ్యూజియం సంగీత విభాగం అధికారి, రహస్యంగా దీపిక డిపార్ట్‌మెంటు మనిషే.

“గీతలు పడ్డ రికార్డు ఉన్నదా మేడమ్?”

“ఉన్నది. అయినా పాడుతది.”

కోడ్ వర్డ్ కలిసింది. మధులిక గొంతు తగ్గించింది. “వేణువు రికార్డుల ఉన్నది. దానిమీదనే చెవి పెట్టు.”

హాల్లో మనిషెత్తు స్పీకర్లు. వేణువు వాయించేవాడు ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తోంది. గుసగుసలాడినా కాపలావాడు కళ్లురుముతున్నాడు. దీపిక కాలు ఊగుతూనే ఉంది.

“ఏంది బిడ్డ, చీమలు కుడుతున్నయా?” అంది పక్కనున్న సంఘం లీడర్ లస్మవ్వ.

వేణువు అయిపోయింది. అందులో ఏమీ లేదు. అంతసేపూ ముందు వరుసలో కునుకు తీసిన ఒక విదేశీ స్కాలర్ మాత్రం ఇప్పుడు నిటారుగా లేచి కూర్చొని, కళ్లజోడు అంచు నొక్కాడు. అందులో రికార్డర్!

బతుకమ్మ పాట మొదలైంది. దీపిక చేతులు వాటంతటవే లేచి, గాలిలోనే తడబడ్డాయి. చరణం చివర పడాల్సిన చప్పట్లు మధ్యలో పడుతున్నాయి. రెండు. ఆగి ఒకటి. మళ్లీ మూడు.

“గివేం చప్పట్లు? అడుగు యాడ వెయ్యాలె?” లస్మవ్వ మొహం చిట్లించింది.

కోడ్ చప్పట్లలోనే ఉంది! గాజు మీదికి వేలు పోబోయింది. డొక్కలో ఏదో గట్టిగా గుచ్చుకుంది. మధులిక వెనక కుర్చీలోంచి వంగింది. ఆమె చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లో ఉంది.

“తుపాకికి సైలెన్సర్ ఉన్నది. కదిలితే కాలుస్త. వేణువు వినుమంటే వినకపోతివి.”

“మా అవ్వ ఉన్నది ఆ ఊళ్లె.”

“ఆమెను ముందుగాల్నే ఈడికి రమ్మనాల్సుండె.”

పాటలో ఇంకొక్క చరణమే మిగిలింది. కదలొద్దంది మధులిక. పాడొద్దనలేదు. దీపిక కూర్చున్నచోటే గొంతెత్తి “ఉయ్యాలో” అని సాగదీసింది.

లస్మవ్వ చప్పట్లు కొట్టింది, పడాల్సినచోట. అంతదాకా బిగబట్టుకున్న ఆడవాళ్లంతా అందుకున్నారు. కుర్చీలు పక్కకు జరిగాయి. హాలంతా ఒకటే మోత. ఆఖరి చరణం, దాంతోపాటు మిగిలిన కోడ్ ఆ మోతలో మునిగిపోయాయి. కళ్లజోడు పట్టుకొని స్కాలర్ తలుపు వైపు కదిలాడు. అప్పటికే అతని చుట్టూ ఆడవాళ్లు బతుకమ్మ ఆడుతూ తిరుగుతున్నారు.

“నువ్వు గూడ రా మేడమ్,” అంటూ లస్మవ్వ మధులిక చెయ్యి బయటికి లాగి, బ్యాగు గుంజుకుంది. “సంచేసుకొని ఎవలన్న బతుకమ్మ ఆడుతరా? అబ్బ, ఎంత బరువున్నది.”

దీపిక గాజు నొక్కింది. పోలీసులు లోపలికి వచ్చారు. లస్మవ్వ ఒక ఇన్‌స్పెక్టర్‌ను పట్టుకొని, టికెట్ కొన్నాం, పాట మళ్లీ పెట్టించమని అడుగుతోంది.

చీఫ్ ఫోన్ చేశాడు. “ఏం చేసినవ్ దీపికా?”

“మీరు చెప్పినట్టే సర్. నిమ్మళంగ కూసున్న.”

— బద్దం చంద్రవ్వ, అరవై ఎనిమిదేళ్లు, ఇప్పుడు ఉంటున్నది మంచిర్యాలలో