పచ్చ అంటే ఏ పచ్చ?

“మనవాళ్లు ముగ్గురు పోయారు. ఇక నాలుగోవాడు నీ బావమరిది,” అన్నాడు చీఫ్.

ఏజెంట్ ‘సోడాబుడ్డి’ తన దళసరి కళ్లద్దాలు తీసి కళ్లు నులుముకున్నాడు. ఇరవై రెండేళ్ల సర్వీసులో అతనికి మిగిలింది నడుంనొప్పీ, ఈ పేరూ. భార్యకు ఉన్నది ఒక్కడే తమ్ముడు. అతనికి నిజంగానే భయం వేసింది.

“ఎవరి మీద అనుమానం?”

“నెమలి మీద. శత్రుముఠా నుంచి మనవైపు తిరిగిన డబుల్ ఏజెంట్. మన భాష మాట్లాడుతుంది, చదవడం రాదంది. ఆ ధీమాతో ఫైళ్లు ఆమె ముందే పరిచాం. ఫైలు పరిచిన రోజు తిరక్కుండా మనిషి ఖతం. మీవాడి అడ్రసు నిన్న నాలుగింటికి ఆమె ముందుంది.”

“వాణ్ని వెంటనే తప్పించండి!”

“పారిపొమ్మనే కోడ్ వర్డ్ పంపితే ముఠాలో దాగిన మనవాళ్ల నెట్‌వర్క్ మొత్తం మూసెయ్యాలి. పదేళ్ల పని. రుజువు కావాలి. లై డిటెక్టర్‌ని మూడుసార్లు బోల్తా కొట్టించింది.”

గడియారం మూడున్నర చూపిస్తోంది.

పది నిమిషాల్లో సోడాబుడ్డి తెల్లకోటు తొడుక్కుని, కంటిడాక్టరు వేషంలో నెమలి ఎదుట కూర్చున్నాడు. ఆమె పట్టు స్కార్ఫ్ సర్దుకుని నవ్వింది. మామూలు రోజైతే ఆ నవ్వుకు ముచ్చటపడేవాడే. ఇవాళ ఓపిక లేదు.

“కెమెరా కళ్లద్దాలు బిగించే ముందు రంగుల పరీక్షమ్మా. రాత పట్టించుకోకండి. సిరా రంగు చెప్పండి, చకచకా.”

ఒక కార్డు మీద ‘ఎరుపు’ అని నల్లసిరాతో, ఇంకోదాని మీద ‘తెలుపు’ అని ఎర్రసిరాతో ఉంది. చదువు రానివాళ్లకు అవి వట్టి గీతలు. వచ్చినవాళ్లకు కన్ను ఒకటంటే అక్షరం ఇంకొకటంటుంది, మధ్యలో మెదడు నలిగి చస్తుంది. కార్డులు రాస్తూనే సోడాబుడ్డి రెండుసార్లు తప్పాడు.

నెమలి ఆరితేరిన మనిషి. అన్నిటికీ ఒకే తీరున, తాపీగా జవాబిచ్చింది. మూడోదాని దగ్గర మాత్రం పెన్నులోని స్టాప్‌వాచ్ అర సెకను ఎక్కువ చూపింది. అర సెకనుకు చీఫ్ ఒప్పుకోడు. నాలుగుకు ఇంకా ఎనిమిది నిమిషాలే ఉన్నాయి.

సోడాబుడ్డి కార్డులు బోర్లించి ఆవులించాడు. “మూడోదాని దగ్గర ఆగారేంటమ్మా?”

“పచ్చని ఆకుపచ్చ అనాలా, పసుపు అనాలా అని! మీ భాషతో చచ్చే చావు, డాక్టర్.”

అతను మూడో కార్డు తిప్పి చూపించాడు.

“సిరా నీలం. మీరూ నీలమనే చెప్పారు. పచ్చ అన్నది రాతలోనే ఉంది.”

ఆమె చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి పోబోయింది. తలుపు దగ్గరి గార్డు ఒడిసి పట్టుకున్నాడు. చీఫ్ కోడ్ వర్డ్ పంపేసరికి నాలుగుకు రెండు నిమిషాలు.

నాలుగూ పదికి మెసేజ్ వచ్చింది. “ముందు తలుపు విరగ్గొడుతుంటే దొడ్డిదారిన బయటపడ్డా బావా. చెప్పులు అక్కడే పోయాయి.”

సోడాబుడ్డికి కళ్లు చెమర్చాయి. జవాబు మాత్రం ఇలా కొట్టాడు: “బతికి బట్టకట్టావు కదరా. చెప్పులు కూడా కావాలా?”