సింహాల బిళ్ళ

ఆదివారం పొద్దున జర్మనీలో, బవేరియాలోని లాండ్స్‌హూట్‌లో రూపెర్ట్ ఇంట కాఫీ చల్లారిపోతోంది, ముట్టుకున్నవాళ్ళు లేరు. ఊరి ప్రదర్శనకు ఆయన పదకొండు పాత సైనిక హెల్మెట్లు ఇస్తున్నాడు. నెత్తిన ఇత్తడి ములుకు, నుదుట రాజ్యం గుర్తున్న బిళ్ళ ఉండే తోలు హెల్మెట్లు. ఏది అసలో ఏది అతుకో మొహం మీదే చెప్పేసే మనిషి. అలాంటివాడు హాల్లో వేలాడే పన్నెండోదాన్ని మాత్రం ఇవ్వనంటాడు. అది భార్య గెర్లిండ తాతది.

"నలభై ఏళ్లుగా నీ ఇత్తడంతా తుడుస్తున్నాను. మా తాతది నలుగురిలో పెట్టడానికి నీకు నామోషీనా?" అంది గెర్లిండ.

 మొదటిసారి అత్తారింటికి వెళ్ళిన నాడే, బవేరియా గుర్తైన సింహాల బిళ్ళ పక్కనుంచి తొంగిచూస్తున్న, వేరే బిళ్ళకు కొట్టిన పాత బెజ్జం రూపెర్ట్ కంటపడింది. ఎవడో వ్యాపారి అతికి అమ్మిన సరుకుతో మామగారు మోసపోయారనుకుని, పాపం, ఇన్నేళ్లూ నోరు మెదపలేదు. ఇప్పుడు ప్రదర్శనలో పెట్టే చీటీ మీద అబద్ధం రాయలేక ఉన్నమాట చెప్పేశాడు.

గెర్లిండ మొహం పాలిపోయింది. "విప్పు," అంది.

మరలు తీసి బిళ్ళ ఎత్తేసరికి, తోలు మీద రెక్కలు చాచిన గద్ద అచ్చు నల్లగా కనబడింది. అప్పట్లో మరో జర్మన్ రాజ్యమైన ప్రష్యా వాళ్ళ గుర్తది. లోపలి పట్టీ మడత ఎత్తితే సిరాతో తాత పేరుంది. హెల్మెట్ అసలుదే. ఇన్నాళ్లూ పొరబడింది తనేనని రూపెర్ట్‌కు తెలిసొచ్చింది.

గెర్లిండ కుర్చీలో కూలబడింది. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక, ప్రష్యాలో భాగమైన సైలీసియా నుంచి పదేళ్ల వయసులో ఆమె తండ్రి ఈ ఊరికి కాందిశీకుడిగా వచ్చాడు. ప్రష్యా పందీ అంటూ బళ్ళో పిల్లలు ఏడిపించేవారట. మా నాన్న కూడా మీ బవేరియా సైన్యమేనని పెద్దయ్యాక అందరికీ ఈ హెల్మెట్ చూపించేవాడు.

"ఆ బిళ్ళ మా నాన్నే మార్చాడు రూపెర్ట్. ఎంత భయపడ్డాడో పిచ్చినాన్న," అంటూ వెక్కివెక్కి ఏడ్చింది.

రూపెర్ట్ ఆమె పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, తన పెట్టెలో ప్రష్యా గద్ద బిళ్ళలున్నాయి, ఒకటి బిగించనా అని మెల్లగా అడిగాడు.

ఆమె కళ్లు తుడుచుకుంది. మనసు తేలికైంది. "వద్దు. సింహాలే పెట్టు. చీటీ మీద మాత్రం హెల్మెట్ ప్రష్యాది, సింహాలు మా నాన్నవి అని రాయి. ఈ ఊరివాడు అనిపించుకోవడానికి ఆయన ఏం చేశాడో ఊరంతా చదవనీ."

రూపెర్ట్ తలొంచుకుని, పదకొండు చీటీల మీదా రాయనంత పొందికైన అక్షరాలతో ఆ మాటలే రాశాడు.