సాంచ మీద కాగితం

నీలం నగర్‌లో పొద్దున్నే మరమగ్గాలు మోగుతాయి. ఆ రోజు మగ్గం కన్నా ముందు వెంకటేశ్ నోరు మోగింది.

"కమలా! ఎవరు అంటించిన్రే ఇది? సాంచకు పెట్టిన బొట్టు మీదనా? కండ్లు నెత్తికెక్కినయా?"

ముందు గదిలోని మరమగ్గాన్నే వాళ్లు సాంచ అంటారు. దానికి రోజూ కుంకుమ పెట్టి, దండం పెట్టుకున్నాకే వెంకటేశ్ మీట నొక్కుతాడు. ఆ కుంకుమ మీద ఇవాళ ఓ కాగితం, దాని మీద తెలియని మాట. అంటించింది కూతురు కాజల్. టవళ్లు ఎగుమతి చేసే ఆఫీసులో స్పానిష్ వచ్చినవాళ్లు కావాలన్నారని కొన్నాళ్లుగా ఫోన్లో నేర్చుకుంటోంది. మాటలు గుర్తుండాలని తలుపుకి పుయెర్తా, నీళ్ల బిందెకి అగ్వా అని ఇల్లంతా చీటీలే.

వెంకటేశ్ ఆ కాగితం చింపి ఊరుకోలేదు. తలుపు మీదది, బిందె మీదది కూడా పీకి పారేశాడు.

"నాయినా! ఇంకొంచెం సేపట్ల ఫోన్ల నా పరీక్ష. పాసైతెనే నౌకరి. ఇయ్యాలనే చింపాల్నా?"

"నీ నౌకరి కోసం నా సాంచను అవమానం చేస్తవా?"

"రోజూ మొక్కుతవ్ గద, నీ సాంచ నీకేమిచ్చింది? చెవుడు తప్ప!"

భార్య కమల ఒళ్లోని బీడీల చాట పక్కన పెట్టేసింది. వెంకటేశ్ మొహం కందగడ్డలా అయింది. జవాబుగా మీట నొక్కాడు. ఇల్లు అదిరిపోయింది.

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. కాజల్ వెనక గదిలోకి పరుగెత్తింది, అక్కడా అదే మోత. వీధిలోకి వెళ్తే ప్రతి ఇంట్లోనూ మగ్గమే. "ఏమీ వినబడటం లేదండీ" అంటోంది ఫోన్లో పరీక్ష పెట్టే ఆవిడ. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. కాజల్ మళ్లీ ఇంటి గడప దగ్గరికే వచ్చి కూలబడింది.

కమల మగ్గం ముందుకొచ్చి నిలబడింది. "బంద్ చెయ్!"

"నడిమిట్ల ఆపితె గుడ్డ మీద గీత పడ్తది. సేఠ్ తీస్కుంటడా? ఇన్నేండ్లల్ల ఒక్క గీత పడనియ్యలే నేను!"

"గుడ్డ మీద గీతకు భయపడి బిడ్డ బతుకు ఖరాబ్ చేస్తవా? తండ్రివేనా నువ్వు?"

వెంకటేశ్ పళ్లు కొరుకుతూ గుమ్మం వైపు చూశాడు. కాజల్ ఒక చెవి మూసుకుని, ఏడుస్తూనే అరిచి అరిచి చెబుతోంది. అతని చెయ్యి మీట మీదికి వెళ్లింది.

మగ్గం ఆగింది. కూతురి గొంతు ఇల్లంతా వినబడింది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా వెంకటేశ్ కదలకుండా విన్నాడు.

ఫోన్ పెట్టేసి ఆమె లోపలికి రాగానే ఉరిమి చూశాడు. "ఏం జెప్పినవ్?"

"జరిగిపోయినయి చెప్పమన్నరు. పొద్దుగాల మా నాయిన నా కాగితాలు చింపిండని చెప్పిన."

"నా మీదనే చాడీలా?"

"చిన్నప్పటివి కూడ అడిగిన్రు." కాజల్ చెంపలు తుడుచుకుంది. "సాంచ ఆగితే నేను నిద్ర లేసి ఏడ్సేదాన్ని గద. పని అయిపోయినా నా కోసం ఉట్టి సాంచ నడిపేటోడివని అమ్మ చెప్తది. అదే చెప్పిన."

వెంకటేశ్ గుడ్డ మీద పడ్డ గీతను బొటనవేలితో తడిమాడు. కళ్లు నిండాయి. గొంతులో కోపం మాత్రం పోలేదు.

"ఆ కాగితం మళ్ల రాయి. బొట్టు మీద కాదు, కింద అంటియ్యి. సాంచను ఆ భాషల ఏమంటరు?"

"తెలార్."

"తెలార్" అని గట్టిగా అని, మీట నొక్కబోయి ఆగాడు.

"ఫోన్ మళ్ల చేస్తరా? చేస్తమంటే చెప్పు, ఇట్లనే ఉంచుత."