పన్నెండు మాత్రలు

"పన్నెండు మాత్రలు, ప్రభాకర్. దేశం దాటకూడదు. విదేశీ ముఠా వాటిని దొంగిలించి ఒక మామిడికాయలో దాచింది. నూజివీడులో నాలుగింటికి లారీ బయల్దేరుతుంది."

గూఢచారి శాఖ చీఫ్ ఫైలు ముందుకు తోశాడు. ప్రభాకరరావు ఏమీ అడగలేదు. అడిగే ఓపిక ఎప్పుడో పోయింది.

ఫైలు చదివాడు. ఇన్‌ఫెక్షన్లకిచ్చే మామూలు సల్ఫా మాత్ర కడుపులో సరిగా కరగదు. సగం మందు ఒంటికి పట్టకుండానే పోతుంది. కెమిస్టు క్రీస్తుదాసు ఆ మందును మరో పదార్థంతో కలిపి కరిగించి, ఐసు మీద గభాలున చల్లార్చి, పొడిచేసి మాత్రలు కట్టాడు. అవి ఇట్టే కరుగుతాయి. ఆ పదార్థం పేరు అతని తలలో తప్ప ఎక్కడా లేదు. శాంపిల్ దొరికితే విదేశీ ముఠా అది కనిపెట్టేస్తుంది. అప్పుడు పేటెంటు వాళ్ళది, ధర వాళ్ళది.

ప్రభాకరరావు భార్య సుభద్ర ఇరవై ఒక్క రోజులు ఆ మామూలు మాత్రలే మింగింది. దక్కలేదు.

ఫైలు మూసేశాడు.

మామిడి వర్తకుడి వేషంలో, క్రీస్తుదాసును వెంటబెట్టుకుని నూజివీడు మామిడి మండీకి చేరేసరికి మూడున్నర. డిపార్ట్‌మెంటు లోకల్ ఏజెంట్ పుష్పావతి ఎదురొచ్చింది. పట్టుచీర, నల్లకళ్ళద్దాలు, చెరగని నవ్వు.

"రసాలు పండాయా?"

"ఎండ చాల్లేదు."

కోడ్ సరిపోయింది.

"లారీ మైలవరం మీదుగా వెళ్ళిపోయిందండీ. జీపెక్కండి."

"పది నిమిషాలు కూర్చోనివ్వండి. కాళ్ళు లాగేస్తున్నాయి."

నీళ్ళతొట్టి గట్టుమీద కూలబడ్డాడు. ఎదురుగా ఇంకో లారీ ఉంది. కాయలు ఏరే రిబ్కమ్మ బుట్టలు ఎక్కిస్తోంది.

"ఇన్నిట్లో టెంక తీసేసిన కాయ ఒకటుంటే ఎలా కనిపెడతావమ్మా?"

"అదేం బ్రహ్మవిద్యండీ? తొట్లో పొయ్యండి. ముదురుకాయ మునుగుద్ది. డొల్లకాయ తేలుద్ది."

పుష్పావతి నవ్వు ఆగిపోయింది.

ఒక్కో బుట్టా తొట్లో పోయిస్తుంటే, పదిహేడో బుట్టలోది ఒక కాయ తేలింది. తొడిమ దగ్గర మైనం. ప్రభాకరరావు దాన్ని అందుకోగానే వీపుకు పిస్టల్ తగిలింది.

"ఇటివ్వండి."

"మీరు కూడానా?"

"విసుగొచ్చిందండీ ఈ ఉద్యోగం."

"అందరికీ వస్తుంది."

లారీ హారన్ కొట్టింది. ప్రభాకరరావు కాయను నీళ్ళలో ముంచి చిదిమేశాడు.

"అయ్యయ్యో! ఆర్నెల్ల కష్టమండీ!" క్రీస్తుదాసు తల పట్టుకున్నాడు.

పుష్పావతి పిస్టల్ గట్టుమీద పడేసి రెండు చేతులతో తొట్టి దేవింది. మాత్రలు కరిగి తెల్లటి మబ్బు ఒకటి లేచి, విచ్చిపోయింది. ఆమె తలెత్తేసరికి పిస్టల్ ప్రభాకరరావు చేతిలో ఉంది.

క్రీస్తుదాసు కళ్ళు తుడుచుకుని జేబులోంచి నోట్‌బుక్ తీశాడు.

"కరగడానికి ఎంతసేపు పట్టిందండీ?"

"రెండు నిమిషాలు కూడా పట్టలేదు."

"అడుగున పొడేమైనా మిగిలిందా?"

ప్రభాకరరావు పుష్పావతి వైపు చూశాడు. ఆమె తడిచేతులు పైకెత్తి చూపించింది.

"చిటికెడు కూడా లేదండీ."

"మన పక్షం కాని మనిషి సాక్ష్యం. ఇంతకంటే ఏం కావాలి?" క్రీస్తుదాసు నాలుకతో పెన్సిల్ తడిచేసుకున్నాడు. "మీ ఇంటిపేరు చెప్పండమ్మా, రాసుకుంటాను."